లోకం వినని తర్వాతి పాట

హవాయి... ఈ పేరు వినగానే మనలో చాలామందికి మొదట గుర్తొచ్చేవి చెప్పులు! నీలంరంగు పట్టీ, తెల్లటి అడుగు... పెరట్లోంచి సంత దాకా ఎక్కడికైనా వేసుకెళ్లే చెప్పులు. సంగీతమంటే చెవి కోసుకునే పాతతరం వాళ్లకైతే హవాయి గిటారు గుర్తొస్తుంది. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, తీగలమీద ఉక్కు కడ్డీని జారుస్తూ వాయించే వాద్యమది. సినిమాలు చూసేవాళ్లకేమో కొబ్బరిచెట్లూ, మెడలో పూలదండలూ, నడుమూపుతూ చేసే హులా నాట్యమూ.

ఆ దీవుల్లో పుట్టి పెరిగినవాళ్లకి మాత్రం ఓ గొంతు గుర్తొస్తుంది. కొండంత మనిషిలోంచి వచ్చే సన్నటి, మెత్తటి గొంతు. పసిపిల్లాణ్ని నిద్రపుచ్చుతున్నట్టుండే గొంతు. ఆ గొంతు పాడిన ఓ పాట ప్రపంచమంతా తిరిగింది. పెళ్లిళ్లలో, సంతాప సభల్లో, సినిమాల్లో, ప్రకటనల్లో మోగింది. అదే గొంతు పాడిన మరో పాట మాత్రం దీవుల దగ్గరే ఆగిపోయింది. ఆ రెండు పాటలనూ కలిపి వింటేగానీ ఇజ్రాయెల్ కమకవివోఓలే అనే మనిషి పూర్తిగా అర్థం కాడు.

పేరు పలకడానికి నాలుక మడత పడుతోంది కదూ! అందుకే అభిమానులు ముద్దుగా 'ఇజ్' అన్నారు. ఇంకా దగ్గరివాళ్లు 'బ్రదా ఇజ్' అన్నారు. అంటే మన భాషలో 'ఇజ్ అన్న'.

తెల్లవారుజామున మూడింటికి...

1988. హవాయి రాజధాని హొనొలులు. రికార్డింగ్ స్టూడియోలో పని ముగించుకుని ఇంజినీరు మిలన్ బెర్టోసా ఇంటికి బయల్దేరబోతున్నాడు. తెల్లవారుజామున మూడు గంటల వేళ ఫోను మోగింది. ఓ గాయకుడు ఇప్పటికిప్పుడు వచ్చి పాడతాడట, కుదురుతుందా అని అడిగారు. అలసిపోయి ఉన్న బెర్టోసా 'పదిహేను నిమిషాల్లో వస్తే సరే' అన్నాడు. వచ్చాడా మనిషి. ఆరడుగులు దాటిన ఎత్తు, దానికి తగ్గట్టు కాదు, దాన్ని మించిన బరువు. స్టూడియోలోని కుర్చీలు ఆగేలా లేవు. కాపలా మనిషి ఎక్కడినుంచో ఓ గట్టి ఇనుప కుర్చీ తెచ్చి వేశాడు. ఆ భారీ చేతుల్లో ఉకులేలే... అంటే నాలుగు తీగల బుల్లి గిటారు... పిల్లల ఆటబొమ్మలా ఉంది.

ఇజ్ కూర్చున్నాడు. పాడాడు. ఒక్కసారే. రెండో టేకు లేదు. లేచి వెళ్లిపోయాడు.

పాడింది కొత్త పాటేమీ కాదు. రెండు పాత అమెరికన్ పాటల్ని కలిపేశాడంతే. ఒకటి 1939లో 'ద విజార్డ్ ఆఫ్ ఓజ్' సినిమా కోసం హెరాల్డ్ ఆర్లెన్ స్వరపరచగా జూడీ గార్లాండ్ పాడిన 'ఓవర్ ద రెయిన్‌బో'. రెండోది 1967లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన 'వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్'. ఇజ్ అక్కడక్కడా మాటలు మార్చేశాడు, కొన్నిచోట్ల వరసే మార్చేశాడు. పండితులు తప్పులు లెక్కపెట్టుకోవచ్చు. కానీ వాద్యబృందాలతో పాడిన రెండు పాటలూ ఆ రాత్రి ఒక గొంతూ నాలుగు తీగలూ తప్ప ఇంకేమీ అక్కర్లేదన్నట్టు మారిపోయాయి. బెర్టోసా దాని నకలొకటి ఇజ్‌కిచ్చి, అసలు టేపును దాచిపెట్టుకున్నాడు. అయిదేళ్లపాటు అది అలాగే పడి ఉంది.

అచ్చులతో ముగిసే భాష

ఇజ్ 1959 మే 20న హొనొలులులో పుట్టాడు. మూడునెలలు దాటగానే, ఆగస్టు 21న, హవాయి అమెరికాలో 50వ రాష్ట్రమైంది. తల్లిదండ్రులిద్దరూ వైకీకీ తీరంలోని ఓ క్లబ్బులో పనిచేసేవారు. డాన్ హో, పీటర్ మూన్ లాంటి పేరున్న సంగీతకారులు అక్కడికి వచ్చిపోయేవారు. మేనమామ మో కియాలే స్వయంగా సంగీతకారుడు. అలా ఇజ్‌కీ, అన్న స్కిప్పీకీ ఉగ్గుపాలతోనే పాట పట్టుబడింది.

తల్లివైపు మూలాలు నీహౌ అనే చిన్న దీవిలో ఉన్నాయి. దాన్ని 'నిషిద్ధ ద్వీపం' అంటారు. 1864లో ఓ కుటుంబం రాజు దగ్గర్నుంచి ఆ దీవిని కొనేసింది. బయటివాళ్లు అనుమతి లేకుండా కాలుపెట్టడానికి వీల్లేదు. ఆ కట్టడి వల్ల ఓ మేలు జరిగింది. మిగతా దీవుల్లో హవాయి భాష చచ్చిపోతున్నా, నీహౌలో మాత్రం అది ఇళ్లలో మాట్లాడుకునే భాషగా బతికి ఉంది.

ఈ భాష గురించి తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతొకటుంది. అలోహా, హులా, మెలే, ఉకులేలే... ఏ మాటైనా చూడండి, అచ్చుతోనే ముగుస్తుంది. హవాయి భాషలో హల్లుతో ముగిసే మాటే లేదు. మన తెలుగును అజంత భాష అని మురిసిపోతాం కదా, పసిఫిక్ నడిమధ్యన దానికో చెల్లెలున్నట్టే. చుట్టరికమేమీ లేకపోయినా పాటకు ఒదిగే గుణం మాత్రం ఒకటే. ఇంకో విశేషం... హవాయి భాషలో గతాన్ని 'ముందున్న కాలం' అనీ, భవిష్యత్తును 'వెనకున్న కాలం' అనీ అంటారు. జరిగిపోయింది కళ్లెదుట కనిపిస్తుంది, జరగబోయేది కనిపించదు కాబట్టి! వింతగా ఉందా? 'ఇంతకు ముందు' అని మనం అనేది కూడా గతం గురించే మరి.

ఓడ దిగిన చిట్టి వాద్యం

ఇజ్ చేతిలోని ఉకులేలే హవాయిలో పుట్టింది కాదు. 1879 ఆగస్టులో పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవి నుంచి చెరకుతోటల్లో పనికోసం నాలుగువందల మందికి పైగా ఓడలో వచ్చారు. ఓడపేరు రావెన్స్‌క్రాగ్. వాళ్లతోపాటు ఓ చిన్న తీగల వాద్యమూ దిగింది. వచ్చినవారిలో ముగ్గురు వడ్రంగులు చేతి పనితనమున్నవాళ్లు. స్థానికంగా దొరికే కోవా చెక్కతో వాద్యాలు తయారుచేసి అమ్మారు. నాటి రాజు కలాకౌవాకి అది తెగ నచ్చింది. కొలువులోకి తెప్పించాడు, తానూ వాయించాడు. తీగలమీద వేళ్లు గెంతుతుంటే ఈగలో నల్లులో ఎగురుతున్నట్టు కనిపించాయేమో, జనం దానికి 'ఎగిరే పురుగు' అని అర్థం వచ్చేలా ఉకులేలే అని పేరుపెట్టారు.

ఆ దీవులకి గిటారు వచ్చిన దారి వేరు. 1830ల్లో పశువుల్ని మేపడం నేర్పడానికి మెక్సికో నుంచి వచ్చిన కాపరులు తెచ్చారు. హవాయి వాళ్లు దాని తీగల్ని తమకు నచ్చినట్టు వదులుచేసి కొత్త శ్రుతులు కట్టుకున్నారు. తర్వాత జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు తీగలమీద ఉక్కుముక్కను జార్చి చూశాడు. అదే హవాయి గిటారుకు నాంది. ఆ నాదం సముద్రాలు దాటింది. 1940ల్లో టావ్ మో అనే కళాకారుడి కుటుంబం కలకత్తాలో ఉండి ఆ వాద్యాన్ని మనవాళ్లకి దగ్గర చేసింది. అది ముదిరి ముదిరి మన రాగాలకు ఒదిగింది. ఆ జారుడు గిటారును మోహనవీణగా మార్చుకున్న విశ్వమోహన్ భట్ 1994లో గ్రామీ అందుకున్నారు.

అంటే వచ్చిందేదైనా కాదనకుండా తమదిగా మార్చుకోవడం హవాయి సంగీతానికి కొత్తేమీ కాదు. ఇజ్ చేసిందీ అదే. జాన్ డెన్వర్ జానపద బాణీలో పాడిన 'టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్' తెచ్చుకుని, అందులోని అమెరికా ఊళ్లు తీసేసి తన పడమటి మకాహాను పెట్టుకున్నాడు. రెగె లయ నచ్చితే అదీ కలిపాడు. అడుగున మాత్రం హవాయి పాటే పారుతూ ఉండేది.

పోగొట్టుకున్న ఇల్లు

ఇంత అందమైన పాటల వెనక ఓ పెద్ద దుఃఖం ఉంది.

కలాకౌవా తర్వాత ఆయన చెల్లెలు లిలియుఓకలానీ రాణి అయింది. ప్రపంచమంతా పాడుకునే 'అలోహా ఓయె' పాట ఆమె రాసిందే. 1893 జనవరి 17న చక్కెర వ్యాపారంలో పాతుకుపోయిన తెల్లవాళ్ల బృందమొకటి, అమెరికా నావికాదళ సైనికులు ఒడ్డున దిగి ఉండగా, ఆమెను గద్దె దించింది. 1898లో అమెరికా ఆ దీవుల్ని కలిపేసుకుంది. ఈలోగా 1896లోనే బడుల్లో చదువు ఇంగ్లీషులోనే సాగాలని చట్టం వచ్చింది. బళ్లో సొంతభాష మాట్లాడితే పిల్లలకి దెబ్బలు పడేవి. రెండు తరాలు తిరిగేసరికి అమ్మమ్మ మాట మనవడికి అర్థంకాని స్థితి.

1941లో కహొలావే అనే దీవిని సైన్యం బాంబులు వేసి సాధనచేసే మైదానంగా మార్చేసింది. పూర్వీకులు పవిత్రంగా చూసుకున్న దీవి అది. 1976లో కుర్రకారు పడవల్లో వెళ్లి, ఆ దీవిమీద దిగి నిరసన మొదలుపెట్టారు. వాళ్లలో ముందు నిలిచిన జార్జ్ హెల్మ్ గొప్ప గాయకుడు. 1977 మార్చిలో ఆ దీవి దగ్గరి సముద్రంలోనే మాయమైపోయాడు. వయసు పాతిక దాటి ఏడాదే. 1990లో బాంబులు ఆగాయి. 1994లో దీవి రాష్ట్రానికి తిరిగొచ్చింది.

ఆ పోరాటం మొదలైన 1976లోనే ఇజ్, స్కిప్పీ మరికొందరు మిత్రులతో కలిసి 'మకాహా సన్స్ ఆఫ్ నీహౌ' బృందం పెట్టారు. అప్పటికి ఇజ్‌కి పదిహేడేళ్లు. పర్యటకులు మెచ్చే తీపిపాటలకు వైకీకీ హోటళ్లలో కొదవలేదు. వీళ్లు పట్టుబట్టి తాతలనాటి హవాయి పాటలు పాడారు. 1978లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి హవాయి భాషకు అధికార భాష హోదా ఇచ్చారు. పాట, పోరాటం, భాష... ఆ పదేళ్లలో మూడూ ఒకే తాడులో పేనుకున్నాయి.

అన్న వదిలిన చోటు

1982. బృందానికి పెద్దదిక్కయిన స్కిప్పీ గుండెపోటుతో కన్నుమూశాడు. ఇరవై ఎనిమిదేళ్లే. ఆయనదీ భారీకాయమే. తమ్ముడికి అది ఆప్తుడి మరణమే కాదు, తనకు రాబోయే దాని ముందస్తు కబురు కూడా. అదే ఏడాది ఇజ్ పెళ్లి చేసుకున్నాడు. తర్వాత ఓ కూతురు పుట్టింది. బృందం పదకొండేళ్లపాటు తమ్ముడి గొంతుమీద నడిచింది. బరువు మాత్రం ఏటికేడూ పెరుగుతూనే ఉంది. ఓ దశలో 340 కిలోలు దాటింది. ఊపిరి తీసుకోవడం కష్టమయ్యేది. ఆస్పత్రులు మామూలైపోయాయి. అయినా పాడటానికి నోరు తెరిస్తే ఆ గొంతులో ఆయాసం వినిపించేది కాదు. విన్నవాళ్లను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది అదే.

1993లో ఇజ్ బృందం నుంచి బయటికొచ్చాడు. సొంతంగా ఆల్బమ్ చేస్తున్నాడు. నిర్మాత జాన్ డి మెలో. అదృష్టవశాత్తూ అప్పుడు ఆయన దగ్గర పనిచేస్తున్న ఇంజినీరు మిలన్ బెర్టోసాయే! దాచిన టేపును బయటికి తీసి వినిపించాడు. అలా అయిదేళ్లనాటి ఆ రాత్రి పాట 'ఫేసింగ్ ఫ్యూచర్' ఆల్బమ్‌లో చేరింది.

ఒకే సీడీలో రెండు పాటలు

ఆ ఆల్బమ్‌లో పాటల్ని పేర్చిన తీరు గమనించాలి. మొత్తం పదిహేను. మొదట్లో 'హవాయి 78' అనే పాట తొలిపలుకుగా వస్తుంది. మధ్యలో ప్రేమగీతాలు, సముద్రతీరాలు, తల్లి బట్టలారబెట్టుకోవడానికి పొద్దు చాలడంలేదని సూర్యుడికే ఉచ్చు బిగించిన మావుయి వీరుడి కథ. పద్నాలుగోది ఇంద్రధనుస్సు పాట. పదిహేనోది మళ్లీ 'హవాయి 78'... ఈసారి పూర్తిగా.

'హవాయి 78' ఇజ్ రాసింది కాదు. కానీ ఆయన గొంతులోనే జనం గుండెల్లో నిలిచింది. నాటి రాజులూ రాణులూ ఒక్కసారి తిరిగొచ్చి, తమ పవిత్రస్థలాలమీద లేచిన రోడ్లూ కట్టడాలూ చూస్తే ఏమనుకుంటారు, నవ్వుతారా, ఏడుస్తారా అని అడుగుతుందా పాట. రాష్ట్ర చిహ్నంమీద ఉన్న సూక్తి కూడా అందులో వినిపిస్తుంది. ధర్మం నిలిస్తేనే నేలకు ప్రాణం నిలుస్తుందని 1843లో మూడో కమెహమెహా రాజు చెప్పిన మాట అది. ఆ మాట రాసిన చిహ్నంకిందే నేల చేజారిపోయిందన్న బాధ ఆ పాట నిండా ఉంటుంది. అందులో ఎవరిమీదా తిట్లుండవు. గొంతు పెంచడం ఉండదు. జోలపాట పాడినంత మెత్తగానే అడుగుతాడు. అందుకే అది మరీ గుచ్చుకుంటుంది.

ఆల్బమ్ 1993 నవంబరు 1న విడుదలైంది. అదే నెల 23న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఓ తీర్మానంమీద సంతకం చేశారు. వందేళ్లకిందట హవాయి రాజ్యాన్ని కూలదోయడంలో అమెరికా పాత్ర ఉన్నందుకు స్థానిక హవాయి ప్రజలకు క్షమాపణ చెబుతూ కాంగ్రెస్ ఆమోదించిన తీర్మానమది. క్షమాపణ వచ్చింది. భూమి రాలేదు. పాట అడిగిన ప్రశ్న అలాగే మిగిలింది.

పడవలు వెంట నడిచాయి

1997 జూన్ 26 అర్ధరాత్రి దాటాక హొనొలులు ఆస్పత్రిలో శ్వాస ఆగిపోయి ఇజ్ కన్నుమూశాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు. జులై 10న కోవా చెక్కతో చేసిన శవపేటికను రాష్ట్ర క్యాపిటల్ భవనంలో ఉంచారు. అంతకుముందు ఆ గౌరవం దక్కింది గవర్నర్ జాన్ బర్న్స్‌కీ, సెనేటర్ స్పార్క్ మత్సునాగాకీ మాత్రమే. ఏ పదవీ లేని మనిషికి దక్కడం అదే మొదలు. రాష్ట్ర జెండాలు సగానికి దిగాయి. దాదాపు పదివేలమంది వరసలో నిలబడి చివరిచూపు చూసుకున్నారు.

జులై 12న చితాభస్మాన్ని మకూవా తీరంలో సముద్రంలో కలిపారు. పడవల్లో, సర్ఫింగ్ బల్లలమీద జనం వెంట వెళ్లారు. భస్మం నీళ్లలో కలుస్తుంటే చేతులతో నీళ్లను చరుస్తూ కేకలు వేశారు. అది ఏడుపు కాదు, సాగనంపడం. ఒడ్డున రోడ్డుమీద లారీలు ఆగి హారన్లు మోగించాయి. ఆ తీరం వెనక ఉన్న లోయ కూడా మామూలుది కాదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సైన్యం అక్కడి కుటుంబాల్ని ఖాళీ చేయించి, తుపాకుల సాధనకు వాడుకున్న లోయ. స్థానికులు దశాబ్దాలపాటు పోరాడారు. 2004 తర్వాత అక్కడ తూటా పేలలేదు. ఇక అక్కడ కాల్పుల సాధన అక్కర్లేదని 2023లో సైన్యమే ప్రకటించింది. 'హవాయి 78' పాడిన మనిషికి అంతకన్నా తగిన చోటు దొరకదేమో!

మనిషి పోయాక... మాట వచ్చింది

అసలు వింత ఆ తర్వాత మొదలైంది. 1998లో 'మీట్ జో బ్లాక్' సినిమా చివర్లో ఇంద్రధనుస్సు పాట వినిపించింది. మర్నాటి ఏడాది ఓ బొమ్మల కంపెనీ ప్రకటనలో వచ్చింది. ఆపైన టీవీ సీరియళ్లు, మరిన్ని సినిమాలు. 2005లో 'ఫేసింగ్ ఫ్యూచర్' పది లక్షల అమ్మకాల మైలురాయి దాటి ప్లాటినం గుర్తింపు పొందింది. హవాయి ఆల్బమ్‌కి అదే మొదటిసారి. 2010లో జర్మనీలో ఆ పాట వారాల తరబడి మొదటి స్థానంలో ఉంది. పాడి 22 ఏళ్లయ్యాక! భావితరాల కోసం భద్రపరచాల్సిన ధ్వనుల జాబితాలో అమెరికా జాతీయ గ్రంథాలయం 2021లో దానికి చోటిచ్చింది.

దీవుల్లో ఆ బాట ఆగలేదు. జాన్ క్రూజ్ అనే గాయకుడు 1996లో 'అకూస్టిక్ సోల్' పేరుతో తెచ్చిన ఆల్బమ్‌లో గిటారు జానపదానికి ఆత్మను పిండే నల్లవారి సోల్ పద్ధతిని జోడించి హవాయి ఇంటి ముచ్చట్లు పాడాడు. అందులోని 'ఐలాండ్ స్టైల్' ఇప్పుడక్కడ ఇంటింటి పాట. పాటతోపాటు భాషా తిరిగొస్తోంది. 1984లో కవాయి దీవిలో 'పూనానా లియో' అనే చిన్నపిల్లల బడి తెరిచారు. ఆ పేరుకి 'భాష గూడు' అని అర్థం. అప్పటికి ఆ భాష మాట్లాడగల పిల్లల్ని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. 1987 నుంచి సర్కారు బడుల్లోనూ హవాయి మాధ్యమం వచ్చింది. ఈరోజు కిండర్‌గార్టెన్ నుంచి విశ్వవిద్యాలయం దాకా హవాయి భాషలో చదువుకునే వీలుంది. ఇంట్లో అమ్మానాన్నలకు రాని భాషను బళ్లో నేర్చుకొచ్చి, వాళ్లకే నేర్పుతున్న పిల్లలు అక్కడ ఉన్నారు.

ఆ దీవులను లోకం ఎప్పుడూ విహారయాత్రలాగే చూసింది. తీపి ఉన్నంతవరకూ తీసుకుంది, చేదు వచ్చేసరికి మొహం తిప్పుకుంది. ఇజ్ పాట విషయంలోనూ అంతే. ఇంద్రధనుస్సును పట్టుకెళ్లింది, దాని వెనక కురిసిన వానను వదిలేసింది. కానీ ఇంద్రధనుస్సు అందాన్ని అంత నమ్మకంగా పాడగలిగింది, ఆ వానలో తడిసిన మనిషి కాబట్టే.

ఎప్పుడైనా ఆ సీడీ చేతికొస్తే పద్నాలుగో పాట వినండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ వినండి. అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అప్పుడు మాత్రం ప్లేయర్ కట్టేయకండి. తర్వాతి పాట మొదలవబోతుంటుంది.